పుల్ల తీసి పేరు పిలిస్తే పిల్లలు భయపడుతున్నారు. మానేయాలా?

సుద్దముక్క
విజయవాడలో ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. తరగతిలో 46 మంది. ఏ ప్రశ్న వేసినా అవే ఐదు చేతులు లేస్తాయి. ముందు బెంచీలో ముగ్గురు, కిటికీ పక్కన ఇద్దరు. మిగిలిన 41 మంది ఆ జవాబు విని, నోట్సులో రాసుకొని, తల ఊపుతారు. పాఠం బ్రహ్మాండంగా సాగిందని నేను మురిసిపోతాను. పేపర్లు దిద్దేటప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

దసరా సెలవుల తరువాత ఒక పని చేశాను. పుల్ల ఐసుకు వాడే పుల్లలు ఒక కట్ట కొని, ఒక్కో దాని మీద ఒక్కో పేరు రాసి, ఖాళీ హార్లిక్స్ సీసాలో వేశాను. ఇక చేతులు ఎత్తడం లేదు. పుల్ల తీస్తాను, ఎవరి పేరు వస్తే వాళ్లు లేచి చెప్పాలి. మొదటి రోజు అందరూ నవ్వుకున్నారు. నాలుగో రోజుకు నేను సీసా మీద చెయ్యి వేస్తే చాలు, తరగతి మొత్తం తలలు దించుకోవడం మొదలుపెట్టింది. నిన్న ఒక అమ్మాయి తల్లి వచ్చి, "మీ పీరియడ్ ఉన్న రోజు మా పిల్ల టిఫిన్ ముట్టడం లేదు సార్" అన్నారు. పైవారేమో "గొడవెందుకు, మానేయండి" అంటున్నారు. ఇంకోపక్క ఆ ఐదుగురిలో ఒకడు, "తెలిసినవాళ్లను వదిలేసి తెలియనివాళ్లను అడిగితే ఏం లాభం సార్" అని ముఖం మాడ్చుకున్నాడు.

మానేయాలా? ఎక్కడో తప్పు చేస్తున్నానని అనిపిస్తోంది, ఎక్కడో తెలియడం లేదు.

బ్రాడీపేట_బాబాయి
మానేయండి. మా రోజుల్లో బెత్తం ఉండేది, ఇప్పుడు సీసా వచ్చింది.

మూడో_బెంచీ
బాబాయి గారూ, బెత్తం ఎవరి మీద పడాలో మాస్టారి కోపం నిర్ణయించేది. సీసాకు కోపం లేదు కదా.

బ్రాడీపేట_బాబాయి
కోపం లేని దెబ్బ అయినా తగిలేవాడికి ఒకటే.

లెక్కల_పంతులు
సుద్దముక్క గారూ, ఒక్క మాట చెప్పండి. తీసిన పుల్లను మళ్లీ సీసాలో వేస్తున్నారా, పక్కన పెడుతున్నారా?

సుద్దముక్క
మళ్లీ వేస్తున్నాను. లేకపోతే ఒకసారి చెప్పినవాడు రెండు వారాల పాటు హాయిగా కునుకు తీస్తాడు.

లెక్కల_పంతులు
అనుకున్నాను. మీరు అందరికీ అవకాశం వస్తోందని అనుకుంటున్నారు, రావడం లేదు. 46 మంది ఉన్నారు, 46 సార్లు పుల్ల తీశారనుకోండి. ఒక పిల్లవాడి పేరు ఒక్కసారి కూడా రాకపోవడానికి ఉన్న అవకాశం 45/46ను 46 సార్లు గుణిస్తే వస్తుంది. సుమారు 0.36. అంటే తలకొకసారి చొప్పున తీసినా, సగటున 17 మంది పేరు అసలు పలకదు. ఆ లోటును ఎవరో భరించాలి కదా, వాళ్లకు రెండుసార్లు, మూడుసార్లు పడుతుంది.

ఇంకొకటి. వరుసగా ఎనిమిది సార్లు తీస్తే ఏదో ఒక పేరు రెండోసారి రావడానికి దాదాపు 47 శాతం అవకాశం ఉంది. రోజుకు నాలుగు ప్రశ్నలు వేస్తే రెండు రోజుల్లో దాదాపు సగానికి సగం సందర్భాల్లో ఇది జరుగుతుంది. ఆ పేరు గలవాడు ఇంటికి వెళ్లి "సార్‌కు నా మీద కక్ష" అని చెబుతాడు. కక్ష కాదు నాయనా, లెక్క. కానీ వాడికి సంభావ్యత పాఠం ఇంకా రాలేదు.

చీటీల_సుబ్బులు
నేను పదిహేనేళ్లుగా లక్కీ చీటీ కడుతున్నాను. ఆ 17 మందిలో నేనూ ఉన్నాను.

లెక్కల_పంతులు
సుబ్బులు గారూ, మీ చీటీలో ఒకసారి పేరు వచ్చినవాళ్లను తీసేస్తారు కాబట్టి ఎప్పటికైనా మీ వంతు వస్తుంది. నిర్వాహకులు ఊళ్లో ఉంటే.

భౌతికం_మేడమ్
లెక్క సరే. నాకు వేరే సందేహం. పుల్ల ముందా, ప్రశ్న ముందా?

సుద్దముక్క
పుల్ల ముందు. పేరు పిలిచి లేపి, ప్రశ్న వేస్తాను.

భౌతికం_మేడమ్
మీ తరగతి అక్కడే చచ్చింది.

పేరు ముందు పిలిస్తే ఏమవుతుందో చూడండి. ఆ ఒక్క పిల్లకు గుండె గొంతులోకి వస్తుంది. మిగిలిన 45 మంది ఊపిరి వదిలి వెనక్కి ఆనుకుంటారు. ప్రశ్న వినాల్సిన అవసరం ఇక వాళ్లకు లేదు. మీరు ఐదుగురితో నడిపిన తరగతిని ఒకరితో నడుపుతున్నారు.

నేను గుంటూరులో ఎనిమిదికీ తొమ్మిదికీ చెబుతాను. పోయిన వారం ఘర్షణ పాఠం. బోర్డు మీద ఏమీ రాయలేదు. "దుర్గ గుడి ఘాట్ రోడ్డు ఎక్కుతున్న బస్సుకు టైర్లు నున్నగా అరిగిపోయాయి. వాన పడుతోంది. ఏమవుతుంది, ఎందుకు?" అని అడిగి నోరు మూసుకున్నాను. వేళ్ల మీద ఐదు లెక్కపెట్టాను. ఆ ఐదు సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో నిలబడినవాళ్లకే తెలుస్తుంది. తరువాత "పక్కవాళ్లతో ఒక నిమిషం మాట్లాడుకోండి" అన్నాను. గోల. ఆ గోల అయ్యాక అప్పుడు పుల్ల తీశాను. వచ్చిన పేరు ఏడాదిలో రెండు మాటలకు మించి మాట్లాడని పిల్లది. లేచి, "మేడమ్, టైరులో గాడులు ఉంటే నీళ్లు వాటిలోనుంచి పక్కకు పోతాయి. గాడులు లేకపోతే నీళ్ల మీదే టైరు తేలుతుంది" అంది. నేను చెప్పబోయే మాట కంటే బాగుంది. ఎలా తెలిసిందంటే, వాళ్ల నాన్న ఆటోకు టైరు మార్చేటప్పుడు చెప్పారట.

మూడో_బెంచీ
"నీళ్ల మీదే టైరు తేలుతుంది"! నేను ఇంజినీరింగ్ చదివాను, నాకు ఈ సంగతి బెంజి సర్కిల్ దగ్గర బండి జారినప్పుడు తెలిసింది.

మంగళగిరి_టీచరమ్మ
భౌతికం మేడమ్ చెప్పిన ఐదు సెకన్ల గురించి. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లోనే తరగతులను రికార్డు చేసి కొలిచారు. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారట. అది మూడు సెకన్లకు పెరిగితే జవాబులు పొడవయ్యాయి, "తెలియదు" అనేవాళ్లు తగ్గారు, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు నోరు విప్పారు. శిక్షణలో ఇది విన్నప్పుడు నేను మూడు సెకన్లు ఎప్పుడూ ఆగుతానే అనుకున్నాను. ఒక రోజు ఫోనులో నా పాఠం నేనే రికార్డు చేసుకొని విన్నాను. సిగ్గేసింది. ప్రశ్న అడిగేదీ నేనే, "ఏమిటి? ఏమిటి? చెప్పండి... ఆ, పీడనం!" అని చెప్పేదీ నేనే.

పటమట_అమ్మ
టీచర్లందరూ మీ వైపునుంచే మాట్లాడుతున్నారు. నేను తల్లిని. మా అబ్బాయికి నత్తి ఉంది. ఏడో తరగతి.

మా వాడి బడిలో పుల్లలు లేవు, వరుస ఉంది. మొదటి బెంచీ నుంచి ఒక్కొక్కరూ ఒక్కో పేరా చదవాలి. వాడు ఏం చేస్తాడంటే, ముందున్నవాళ్లను లెక్కపెట్టి, తనకు ఏ పేరా వస్తుందో చూసుకొని, అందులో ప, బ లతో మొదలయ్యే మాటలు ఎన్ని ఉన్నాయో వెతుక్కుంటాడు. అవి ఎక్కువగా ఉంటే మంచినీళ్లకు వెళతాడు. పాఠం ఏమిటో వాడికి తెలియదు, ఆ లెక్క తప్ప. పుల్లలైతే కనీసం ఆ లెక్క ఉండదేమో అని ఒకసారి అనిపిస్తుంది, ఏ క్షణానైనా పేరు రావచ్చంటే పీరియడ్ మొత్తం భయమే కదా అని ఇంకోసారి అనిపిస్తుంది. సుద్దముక్క గారూ, టిఫిన్ తినని ఆ అమ్మాయికి ఏం భయమో మీరు అడిగారా?

సుద్దముక్క
అడగలేదండీ. తల్లి చెప్పగానే నాకు నా మీద ఫిర్యాదు అనే వినిపించింది. రేపు అడుగుతాను.

భౌతికం_మేడమ్
పటమట అమ్మ గారూ, మా తరగతిలో అలాంటి బాబు ఒకడు ఉన్నాడు. వాడి పుల్ల సీసాలోనే ఉంది, తీసేస్తే అందరికీ తెలిసిపోతుంది. మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. వాడి పేరు వచ్చినప్పుడు పుస్తకం మూసి ఉంటే మాట్లాడతాడు, తెరిచి ఉంటే బోర్డు మీద రాసి చూపిస్తాడు. ఈ మధ్య ఎక్కువగా మూసే ఉంటోంది.

లెక్కల_పంతులు
అలాగైతే అందరికీ ఒకే నియమం ఎక్కడుంది?

భౌతికం_మేడమ్
పేరు రావడానికి ఒకే నియమం. జవాబు చెప్పే తీరుకు ఒకే నియమం ఎందుకు ఉండాలి మాస్టారూ?

రోల్_నంబరు_1
నా గోడు కూడా వినండి. మా ఇంటిపేరు ఇంగ్లీషులో ఏ అక్షరంతో మొదలవుతుంది. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా నా రోల్ నంబరు 1. ప్రాక్టికల్స్‌లో నేనే ముందు, వైవాలో నేనే ముందు, ఎక్కాలు అప్పజెప్పడంలో నేనే ముందు. కొత్త టీచర్ వచ్చి హాజరుపట్టీ తెరిస్తే కన్ను పడేది నా మీదే. ఆ రోజుల్లో ఎవరైనా సీసా తెచ్చి ఉంటే కాళ్లకు దండం పెట్టేవాడిని.

చివరి_యకారం
నా రోల్ నంబరు 58. మా ఇంటిపేరు వై తో మొదలు. గంట కొట్టేసరికి 40 దాటేది కాదు. పదో తరగతి దాకా నా గొంతు ఎలా ఉంటుందో మా మాస్టార్లకు తెలియదు. ఇప్పుడు ఆఫీసు మీటింగులో నా వంతు వస్తే చేతులు చెమటలు పడతాయి. మీది గోడు అంటున్నారు కానీ, పన్నెండేళ్ల సాధన దొరికింది మీకు.

రోల్_నంబరు_1
ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. అయినా దండం వెనక్కి తీసుకోను.

అరండల్‌పేట_అల్లరి
మా ట్యూషన్ సార్ కూడా చీటీలు తీసేవారు. చీటీ మీద ఎవరి పేరున్నా, తాను తిట్టదలచుకున్నవాడి పేరు చదివేవారు. ఒకసారి ఆ చీటీ కింద పడితే తీసి చూశాం. ఖాళీ కాగితం!

చరిత్ర_పిచ్చి
అల్లరి గారూ, మీ ట్యూషన్ సార్‌కు మందు వెయ్యేళ్ల కిందటే రాసిపెట్టారు. తమిళనాడులో ఉత్తరమేరూరు గుడి గోడ మీద మొదటి పరాంతక చోళుడి కాలపు శాసనాలు ఉన్నాయి, 919, 921 నాటివి. ఊరి సభకు సభ్యులను చీటీలు తీసే ఎన్నుకునేవారు. అర్హుల పేర్లు రాసి కుండలో వేస్తారు. ఆ కుండను అందరికీ కనిపించేలా పైకి ఎత్తి చూపించాలి. లోపల ఏముందో తెలియని చిన్న పిల్లవాడితో తీయించాలి. అందుకునేవాడు ఐదు వేళ్లూ చాపిన అరచేతిలో అందుకోవాలి, గుప్పిట మూయకూడదు. పేరు అతను చదివాక, అక్కడున్న పూజారులందరూ మళ్లీ చదవాలి. అంత జాగ్రత్త ఎందుకంటే, అప్పటికే ఎవరో ఖాళీ చీటీ చదివి ఉంటారని నా అనుమానం.

మూడో_బెంచీ
అయితే సుద్దముక్క గారు తీయడం మానేసి పిల్లలతో తీయించాలి. అప్పుడు "సార్ కక్ష" అనే మాట కూడా పోతుంది.

బ్రాడీపేట_బాబాయి
పిల్లవాడితో తీయిస్తే శత్రువు మారుతుంది, అంతే.

ఇంజినీరింగ్_పాఠాలు
నేను కాలేజీలో చెబుతాను. చెయ్యి ఎత్తకపోయినా పేరు పిలిచి అడగడం మీద అమెరికాలో ముగ్గురు పరిశోధకులు రాసిన వ్యాసం 2013లో వచ్చింది. అలా ఎక్కువగా అడిగే తరగతుల్లో కాలం గడిచేకొద్దీ తమంతట తాము చెయ్యి ఎత్తేవాళ్ల సంఖ్య పెరిగింది, మాట్లాడటానికి బెరుకు తగ్గింది. కాబట్టి నాలుగు రోజులకే మానేయడం తొందరపాటు.

పటమట_అమ్మ
అది కాలేజీ పిల్లల సంగతి. పదమూడేళ్ల పిల్లకు పక్క బెంచీ నవ్వు ఒక్కటి చాలు, నెల రోజులు గుర్తుంటుంది.

ఇంజినీరింగ్_పాఠాలు
నిజమే, ఒప్పుకుంటున్నాను. నవ్వే అలవాటు ఉన్న తరగతిలో ముందు ఆ నవ్వును ఆపాలి.

యాప్_ప్రియుడు
పుల్లలెందుకు? రంగుల చక్రం తిరిగే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. పేర్లు ఎక్కిస్తే చాలు, టకటకా తిరిగి ఒక పేరు దగ్గర ఆగుతుంది. కంప్యూటర్ తెర మీద చూపిస్తే పిల్లలు కేరింతలు కొడతారు.

మంగళగిరి_టీచరమ్మ
కొడతారు, ప్రశ్న మరిచిపోయి. నేను వాడాను. చక్రం ఆగేసరికి పిల్లలతో పాటు నేను కూడా "అయ్యో, కొంచెంలో తప్పింది" అంటున్నాను. పైగా మా బడిలో కరెంటు పోతే అందరికీ సమాన అవకాశం, ఎవరికీ లేదు.

ఒక ముఖ్యమైన మాట ఇంకా ఎవరూ అనలేదు. భాష. మా ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు మాధ్యమం. 2020 నుంచి మన రాష్ట్రంలో పాఠ్యపుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ అదే పాఠం తెలుగు. పుస్తకం రెండు భాషల్లో ఉంది కానీ, లేచి నిలబడిన పిల్ల నోటికి మాత్రం ఒకే భాష అనుకుంటున్నాం. పేరు రాగానే పిల్ల మౌనంగా నిలబడితే జవాబు తెలియదని రాసేసుకుంటాం. సగం సందర్భాల్లో జవాబు తెలుసు, వాక్యం తెలియదు. నేను ముందు తెలుగులో చెప్పనిచ్చి, తరువాత ఆ జవాబునే ఇంగ్లీషులో కూర్చడానికి ఇంకో పుల్ల తీస్తాను. ఒకే జవాబుకు ఇద్దరు. మొదటి పిల్లకు పరువు దక్కుతుంది, రెండోదానికి పని దొరుకుతుంది.

సుద్దముక్క
ఇది నాకు తగిలింది. మా బడిలో తెలుగులో మాట్లాడితే డైరీలో రాస్తారు.

బ్రాడీపేట_బాబాయి
అదిగో, అసలు బెత్తం బయటపడింది.

లెక్కల_పంతులు
సరే, నా వంతు పరిష్కారం. రెండు డబ్బాలు పెట్టండి. చెప్పనివాళ్లవి ఒకదానిలో, చెప్పినవాళ్లవి రెండోదానిలో. నాలుగు ప్రశ్నల్లో మూడు మొదటి డబ్బా నుంచి, ఒకటి రెండో డబ్బా నుంచి. ఏ ప్రశ్నకు ఏ డబ్బానో ముందే చెప్పకండి. రోజుకు ముగ్గురు చొప్పున కొత్తవాళ్లు, 16 పీరియడ్లలో 46 మందికీ కనీసం ఒకసారి వంతు వస్తుంది. ఒకసారి చెప్పినవాడికి కూడా నిద్రపట్టదు.

చీటీల_సుబ్బులు
మాస్టారూ, మా చీటీ లెక్కలు కూడా మీరే చూడకూడదా?

వన్‌టౌన్_వకీలు
"తెలియదు" అంటే ఏం చేస్తారు? కూర్చోమంటే అందరూ అదే అంటారు. నిలబెడితే శిక్ష.

భౌతికం_మేడమ్
కూర్చోమంటాను, "మళ్లీ వస్తాను" అని చెప్పి. ఇంకో ఇద్దరు చెప్పాక తిరిగి అతని దగ్గరికే వెళ్లి, "వాళ్లిద్దరిలో ఎవరి మాట నీకు సరిగా అనిపించింది?" అంటాను. వినకుండా దానికి జవాబు చెప్పడం కుదరదు. ఇంకొకటి, పుల్ల తీసే ప్రశ్న ఒక్క మాటతో అయిపోయేది కాకూడదు. "బలానికి ప్రమాణం ఏమిటి" అని పుల్ల తీస్తే అది సోదా. "నీకేమనిపిస్తోంది" అని అడిగితే మాట కలిపినట్టు ఉంటుంది.

సుద్దముక్క
రెండు వారాలు కావస్తోంది, సంగతులు చెబుదామని వచ్చాను.

ప్రశ్న ముందు, పుల్ల తరువాత అని మార్చాను. ఆగడం నా వల్ల కావడం లేదు, మూడో సెకనుకే నోరు జారుతోంది. అందుకని ఆగే బాధ్యత ఒక అబ్బాయికి ఇచ్చాను, వాడు గోడ గడియారం చూసి చెయ్యి ఎత్తేదాకా నేను మాట్లాడకూడదు. వాడు దీన్ని చాలా గట్టిగా అమలు చేస్తున్నాడు. లెక్కల పంతులు గారి రెండు డబ్బాలూ పెట్టాను. తెలుగు మాటకు డైరీలో రాయవద్దని నా పీరియడ్ వరకు అనుమతి సంపాదించాను, "వర్కింగ్ మోడల్" అని పేరు పెడితే ఒప్పుకున్నారు.

తలలు దించడం పూర్తిగా పోలేదు. కానీ శుక్రవారం ఒకటి జరిగింది. పుల్లలు లెక్కపెడితే రెండు డబ్బాల్లో కలిపి 43 ఉన్నాయి. మూడు మాయం. ఎవరివో వెతికితే, ఒకటి టిఫిన్ తినని అమ్మాయిది. రెండోది వెనక బెంచీలో ఒక పొడుగాటి అబ్బాయిది. మూడోది ఎవరిదో చెబితే నమ్మరు, మా తరగతి ఫస్టు వచ్చే అమ్మాయిది, ఆ ఐదు చేతుల్లో ఒకటి.

రోల్_నంబరు_1
ఫస్టు వచ్చే పిల్ల దొంగతనమా! ఎందుకట?

సుద్దముక్క
తరగతి అయ్యాక విడిగా అడిగాను. చాలాసేపు స్కెచ్ పెన్ను మూత తీస్తూ పెడుతూ నిలబడింది. చివరికి, "చెయ్యెత్తేది జవాబు వచ్చినప్పుడే కదా సార్. పుల్ల వస్తే రానిది కూడా వస్తుంది" అంది. ఇన్నాళ్లూ ఆ పిల్లకు అన్నీ వచ్చనే నేను అనుకున్నాను. రాని ప్రశ్నకు చెయ్యి ఎత్తదు, మిగిలిన నలుగురిలో ఎవరో ఎత్తుతారు, అందుకే నాకు కనబడలేదు. పోయిన పరీక్షలో ఆ అమ్మాయి పేపరు మళ్లీ తీసి చూశాను. సొంతంగా ఆలోచించి రాయాల్సిన రెండు ప్రశ్నలూ వదిలేసింది.

పటమట_అమ్మ
టిఫిన్ తినని అమ్మాయి ఏమంది?

సుద్దముక్క
జవాబు గురించి భయం లేదట. పేరు వస్తే లేచి నిలబడాలి, ఆ వరుసలో బెంచీకి మేకు ఉంది, ఒకసారి డ్రెస్సు చిరిగింది, అందరూ చూశారు. అదీ సంగతి. మేకు కొట్టించాను. ఇప్పుడు నా తరగతిలో ఎవరూ లేవక్కర్లేదు, కూర్చునే చెప్పవచ్చు.

భౌతికం_మేడమ్
మేకు!

బ్రాడీపేట_బాబాయి
ఈ ఒక్కసారికి నేనేమీ అనను.

మూడో_బెంచీ
ఆ మూడు పుల్లలూ తిరిగి వచ్చాయా?

సుద్దముక్క
రెండు వచ్చాయి. పొడుగాటి అబ్బాయి తన పుల్లతో పేపరు రాకెట్టుకు తోక చేశాడు. కొత్తది రాసి ఇవ్వమన్నాను. వాడు రెండు రాసి తెచ్చాడు, ఒక దాని మీద నా పేరుంది. డబ్బాలో వేయాలా వద్దా అని సోమవారం దాకా ఆలోచించుకుంటానని చెప్పాను.

లెక్కల_పంతులు
వేస్తే 47 అవుతుంది, అయినా ఆ 16 పీరియడ్లే సరిపోతాయి.

వన్‌టౌన్_వకీలు
వేయండి. ప్రశ్న ఎవరు వేస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.